అమ్మమ్మ దీపపు కుందుల్లో ఒకటి కారుతోంది. మాటు వేయించాలా, మార్చేయాలా?

వంటింటి_కిటికీ | శనివారం, రాత్రి 9:14

నమస్కారమండీ. మూడేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు. ఈసారి తప్పలేదు.

అమ్మమ్మ పోయి ఏడాదైంది. సంవత్సరీకం అయ్యాక తణుకు ఇల్లు ఖాళీ చేస్తూ మావయ్య అటక మీది సామానంతా దింపించి, ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకెళ్ళండర్రా అన్నాడు. గంగాళం ఒకరు, బిందెలు ఒకరు తీసుకున్నారు. నాకు దీపపు కుందుల జత దక్కింది. మూరెడు ఎత్తుంటాయి. కింద పీట, మధ్యలో కడ్డీ, పైన అయిదు ముక్కుల గిన్నె, దాని మీద హంస. అన్నీ మరలతో విడొస్తాయి. ఒక హంసకి ముక్కు అరిగిపోయింది.

కూకట్‌పల్లి తెచ్చుకున్నాక తెలిసింది, ఒకటి కారుతోందని. సాయంత్రం దీపం పెట్టి పొద్దున్నే చూస్తే పళ్ళెంలో నూనె, కడ్డీ పొడవునా జిడ్డు. మా వీధి చివర సామాన్ల కొట్టాయన పాతదానికి కిలో 420 కట్టిస్తా, కొత్తది కిలో 980 అంటున్నాడు. అత్తయ్యేమో "కారే దీపం ఇంట్లో ఉండకూడదమ్మా, నూనె కారితే లక్ష్మి కారిపోయినట్టే" అంటున్నారు. మా ఆయన ఎంసీల్ తెస్తానని చెప్పులు వేసుకున్నాడు. కాస్త ఆగమని చెప్పి మీకు రాస్తున్నాను. బాగు చేయించే మార్గం ఉందా? ఉంటే ఎక్కడ?

కావమ్మ_మొగుడు | శనివారం, రాత్రి 9:31

ఆయన చెప్పులు దాచేయండి. మేము ఆ ప్రయోగం చేసి ఉన్నాం. వారం రోజులు దేవుడి గదిలో ప్లాస్టిక్ కాలిన కంపు. ఆ తర్వాత ఆ ముద్ద ఊడి వచ్చి నూనెలో తేలింది.

గోదారి_గట్టు | శనివారం, రాత్రి 10:05

తణుకు వాళ్ళు ఇత్తడి పనికి పేరున్న అజ్జరం పక్కనే పెట్టుకుని కూకట్‌పల్లిలో అడగడమేంటండీ బాబూ! మాది ఆ ఊరే. మా తాత, నాన్న పోత పనే చేశారు. నేను చదువుకుని ఇటొచ్చాను గానీ చిన్నప్పుడు సెలవులన్నీ కొలిమి దగ్గరే గడిచాయి.

కొట్టాయనకి ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఎక్కడ కారుతోందో తేలాలి. విడదీసే కుందు రెండు చోట్ల కారుతుంది. గిన్నె అడుగున మర ఉన్నచోట వదులైతే నూనె ఆ మర సందుల్లోంచి కడ్డీలోకి దిగుతుంది. అది జబ్బు కాదు, జలుబు. గిన్నెకే బెజ్జం ఉంటే అది వేరే సంగతి.

ఇలా చేయండి. వేడినీళ్ళలో అరగంట ఉంచి, గుడ్డతో పట్టుకుని మరలు విప్పండి. పట్టకారు మాత్రం పెట్టొద్దు, నొక్కు పడితే మళ్ళీ పోదు. గిన్నె శుభ్రంగా తుడిచి, మర బెజ్జాన్ని కింద నుంచి మైనంతో మూసి, గిన్నెలో నూనె పోసి న్యూస్‌పేపర్ మీద పెట్టండి. గంటాగి కాగితం చూడండి.

బామ్మ_గారు_ఆన్‌లైన్ | ఆదివారం, ఉదయం 5:48

అమ్మాయ్, మీ అత్తగారిని తప్పుపట్టను గానీ, నాకు డెబ్భై నాలుగేళ్ళు. కారని కుందు నేను చూడలేదు. అందుకే కింద పళ్ళెం పెట్టేది. పళ్ళెంలో పడిన నూనె మర్నాడు వత్తులు నానబెట్టడానికి పనికొచ్చేది. మా అత్తగారు చుక్క పారబోయనిచ్చేది కాదు.

మా ఇంట్లో దీపానికున్న పట్టింపంతా వేళ గురించే. దీపాలవేళకి వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, వీధి తలుపు తీసి, అప్పుడు దీపం. ఆ వేళప్పుడు ఉప్పడిగినా, పెరుగడిగినా, బాకీ తీర్చమన్నా రేపు రమ్మనేవాళ్ళం. పడుకున్న పిల్లల్ని లేపేవాళ్ళం. ఇప్పటికీ కరెంటు లైటు వేయగానే నా చేతులు వాటంతటవే దణ్ణానికి లేస్తాయి. మనవరాలు నవ్వుతుంది. ఇక దీపం 'ఆరిపోయింది' అన్నావో, మా ఇంట్లో వీపు పగిలేది. కొండెక్కింది అనాలి.

వంటింటి_కిటికీ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

గోదారి_గట్టు గారూ, చేశాను. మర విప్పడానికి మా ఆయనా నేనూ చెరో పక్క పట్టుకుని తిప్పాల్సి వచ్చింది. లోపల్నుంచి తారులాంటి నల్లటి జిడ్డు వచ్చింది. ఎన్నేళ్ళ నూనో! పుల్లతో గీకితే పాకంలా సాగింది, నువ్వుల నూనె కమరు వాసన.

గిన్నె కాగితం మీద గంట ఉంచితే ఒక్క చుక్క. నువ్వుగింజంత మొదలై, రెండో గంటకి రూపాయి బిళ్ళంత అయింది. అంటే గిన్నెకే బెజ్జం. వెలుగుకి ఎదురుగా పెట్టి చూసినా కంటికి కనపడట్లేదు.

ఫోటోలు కింద పెట్టాను. ఇంకో విషయం. కిరాణా కొట్లో తూయిస్తే కారేది 1,340 గ్రాములు, కారనిది 1,180. గోటితో కొడితే మోత కూడా వేరు. కారేదాని రంగు కాస్త ఎర్రగా కొడుతోంది. అది కంచు అయి ఉంటుందా?

లోహాల_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3:02

కంచు కాకపోవచ్చు. ఇత్తడంటే రాగిలో తుత్తునాగం కలిపింది, దాన్నే యశదం అంటాం. సుమారుగా రెండు పాళ్ళ రాగికి ఒక పాలు. కంచంటే రాగిలో తగరం, నాలుగింట ఒక వంతు దాకా. కంచు కొడితే మోత గంటలా సాగుతుంది. కానీ కింద పడితే పగులుతుంది, ఇత్తడికి సొట్ట పడుతుంది. హంస ముక్కు 'అరిగింది' అన్నారంటే మెత్తటి లోహమే, ఇత్తడే.

ఎర్రగా ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు. రాగి పాలు ఎక్కువైనా ఎర్రబారుతుంది. లేదా ఏళ్ళ తరబడి చింతపండు రసంలో రాత్రంతా నానబెట్టి తోమి ఉంటారు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం చిలుమును చక్కగా కరిగిస్తుంది. కానీ గంటల కొద్దీ నానబెడితే పైపొరలో యశదం కూడా కరిగిపోయి రాగి మిగులుతుంది. అలా గులాబీ మచ్చలు పడ్డ చోట లోహం గుల్లబారుతుంది. చింతపండు రుద్దండి, అయిదు నిమిషాల్లో కడిగేయండి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నానబెట్టకండి.

పాఠం లాగించేస్తున్నానని తెలుసు గానీ ఒక్క ముక్క. రాగి కరగడానికి 1,085 డిగ్రీలు కావాలి. యశదం 907 దగ్గరే ఆవిరైపోతుంది. రెంటినీ ఒకే మూసలో, అంటే లోహం కరిగించే కుండలో, కలపడం ఎంత తిప్పలో ఆలోచించండి. రాజస్థాన్‌లోని జావర్‌లో ఆ ఆవిరినే మట్టి పాత్రల్లో పట్టి చల్లార్చి యశదం తీసేవాళ్ళు, అదీ కొన్ని వందల ఏళ్ళ కిందట.

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 8:40

మాస్టారు చెప్పిన ఆవిరి నేను కళ్ళారా చూశాను. తుత్తునాగం ముక్క మూసలో వేయగానే ఆకుపచ్చ మంట లేచి, తెల్లటి పొగ, దూదిపింజల్లాంటి బూడిద తేలుతుంది. మా నాన్న మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని చివర్లో వేసేవాడు. వేసి, ఇనప ఊచతో ఒక్కసారి కలిపి, ఇంక ఆగేవాడు కాదు. ఆలస్యమైతే తుత్తునాగం గాల్లో కలిసిపోయి ఇత్తడి ఎర్రబడుతుంది. ఆ పొగ పీల్చిన రాత్రి చలిజ్వరం ఖాయం. బెల్లం ముక్క తిని పడుకునేవాళ్ళు. బెల్లానికి తగ్గేదో, తెల్లారేసరికి అదే తగ్గేదో గానీ.

ఇప్పుడు మీ కుందు సంగతి. మీ ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఇది ఇసుక పోత. చెక్కతోనో లోహంతోనో చేసిన నమూనాని రెండు ఇనప చట్రాల మధ్య తడి ఇసుకలో కూరి, చట్రాలు విడదీసి నమూనా తీసేస్తే ఆ ఆకారంలో గుల్ల మిగులుతుంది. లోహం పోయడానికి ఒక దారి, గాలి పోవడానికి ఒక దారి పెడతారు. ఇసుకలో తడి ఒక్క పిసరు ఎక్కువైనా ఆవిరి బయటికి పోలేక లోహంలోనే బుడగై నిలిచిపోతుంది. పైకి ఏం కనపడదు. ఆకురాయి పట్టి, చరఖు అనే తిరుగుడు యంత్రం మీద తిప్పి నునుపు చేస్తే ఇంకా కనపడదు. లోపల బుడగ పక్కన బుడగ ఉంటే నూనె దారి వెతుక్కుంటూ వస్తుంది. నీళ్ళు పోస్తే ఆగినా నూనె ఆగదు, వెచ్చబడ్డ నూనె అసలు ఆగదు. కాబట్టి మీది పుట్టుకతో వచ్చిన బెజ్జం. మీ అమ్మమ్మ కాలంలోనూ కారే ఉంటుంది.

ఇంకోటి చెప్పనా, బాధపడరు కదా? ఆ రెండూ జత కాదు. నమూనా ఒకటే కావచ్చు గానీ ఒక మూసలో పోసినవి కావు. చరఖు గీతలు చూడండి. ఒకదాని పీట మీద మూడు గీతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, రెండోదాని మీద ఎడంగా. తిప్పిన చేయి వేరు. 160 గ్రాముల తేడా కూడా ఒకరోజు పోతలో రాదు.

సిక్కోలు_చినబాబు | ఆదివారం, రాత్రి 9:17

అజ్జరం వోళ్ళు మాటాడీసినాక మేం ఊరుకుంతామేటి. మా సారవకోట పక్క బుడితి వచ్చి చూడండి. భౌగోళిక గుర్తింపు ఉన్న పని. కంచూ ఇత్తడీ రెండూ చేస్తారు. మైనం పోత కూడా ఉంది. మైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేసి, దాని మీద మెత్తటి మట్టి పూత పూసి, ఎండబెట్టి కాలిస్తే మైనం కరిగి కారిపోద్ది. ఆ ఖాళీలో లోహం పోస్తారు. మట్టి పగలగొడితే గానీ బొమ్మ బయటకి రాదు, అందుకే ఒక మట్టికి ఒకటే బొమ్మ. అక్కడ జత అంటే అన్నదమ్ములే గాని కవలలు కారు. మాయమ్మ పెళ్ళికి ఇచ్చిన సెమ్మె బుడితిదే, ఇప్పటికీ చుక్క కారలేదు. చెప్పానంతే.

ఓరుగల్లు_పిల్లగాడు | ఆదివారం, రాత్రి 9:50

మా జనగామ దిక్కు పెంబర్తి ముచ్చట ఎవ్వరూ తీస్తలేరు. దానికి సుత భౌగోళిక గుర్తింపు ఉన్నది. గని నిజం చెప్పాలె, పెంబర్తిల ఎక్కువ రేకు పని. ఇత్తడి రేకును లక్క మీద పెట్టి ఉలితోని కొట్టి బొమ్మ లేపుతరు. గుళ్ళ ధ్వజస్తంభాల తొడుగులు, తలుపుల తొడుగులు అక్కన్నుంచే పోతయి. కాకతీయుల నాటి పని అని చెప్తరు. కుందుకు మాటు వేయాల్నంటె పోత పని తెల్సినోళ్ళ దగ్గరికే పోవాలె. గోదారన్న చెప్పిందే కరెక్టు.

శుభం_భూయాత్ | సోమవారం, ఉదయం 7:11

కొత్త సభ్యుణ్ణి. అందరూ లోహం గురించే రాస్తున్నారు, శాస్త్రం ఎవరూ చెప్పలేదు. కారే దీపం, ముక్కు విరిగిన హంస దోషం. వెంటనే ప్రవహించే నీటిలో వదిలేయాలి. అయిదు ముఖాలూ వెలిగించాలి, తూర్పు ముఖంగానే ఉండాలి, ఆవు నెయ్యే వాడాలి. అగ్గిపుల్లతో నేరుగా వెలిగిస్తే దరిద్రం. మధ్యలో ఆరిపోతే అశుభ సూచన.

బామ్మ_గారు_ఆన్‌లైన్ | సోమవారం, ఉదయం 7:40

నాయనా, కిలోన్నర ఇత్తడి కాలవలో పారేయమంటావా? ఒక్కసారి ధర చూసి చెప్పు.

ముఖాల సంగతంటావా, మా ఇంట్లో రోజూ రెండు వత్తులు పేని ఒకటిగా వేస్తాం. ఒంటి వత్తి ఎందుకు వేయమో నీకు తెలుసో లేదో. మనిషి పోయినప్పుడు తలదగ్గర పెట్టేది ఒంటి వత్తి దీపం. అందుకని దేవుడి దగ్గర అది పెట్టబుద్ధి కాదు, అంతే. పండగలకి అయిదూ వెలిగిస్తాం. నూనంటావా, మా పుట్టింట్లో ఆముదం, అత్తింట్లో నువ్వుల నూనె, విప్పనూనె పెట్టే ఊళ్ళూ ఉన్నాయి. నెయ్యి ఉన్నవాళ్ళు నెయ్యి. అగ్గిపుల్ల విషయం నిజమే, మేమూ ఏకహారతితోనే వెలిగిస్తాం. ఆర్పాల్సి వస్తే నోటితో ఊదం, పువ్వుతో అద్దుతాం.

మధ్యలో కొండెక్కడం అంటావా? ఫ్యాన్ కట్టెయ్. వత్తి పొడుగ్గా లాగకు. నూనెలో దుమ్ము పడితే వత్తి పీల్చదు.

ఇత్తడి కుందు ఉంటేనే భక్తి అనుకునేవాళ్ళకి పోలి కథ చెబుతాను. కార్తీకమంతా అత్తా తోటికోడళ్ళూ నదికి వెళ్ళి దీపాలు వదులుతారు, చిన్న కోడల్ని ఇంటి చాకిరీకి వదిలేసి, ఇంట్లో దీపం సామగ్రి కూడా దొరక్కుండా చేస్తారు. ఆ పిల్ల కవ్వానికంటిన వెన్న గీకి, పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లించి దీపం పెట్టింది. మార్గశిర పాడ్యమినాడు విమానం ఎవరికొచ్చింది? ఇప్పటికీ అరటి దొప్పలో దీపం వదిలేటప్పుడు ఆ పేరే తలుచుకుంటాం.

శుభం_భూయాత్ | సోమవారం, ఉదయం 8:02

నేను విన్నది చెప్పానమ్మా. నీళ్ళలో వదలమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మైలాపూర్_మామి_కాదు | సోమవారం, ఉదయం 10:25

పుట్టింది నెల్లూరు, చెన్నైలో ముప్ఫై ఏళ్ళు. ఇక్కడ దీన్ని కుత్తు విళక్కు అంటారు. పీట బ్రహ్మ, కడ్డీ విష్ణువు, గిన్నె రుద్రుడు అని మా పక్కింటావిడ చెబుతుంది. శుక్రవారం పూట కుందుకే పసుపు, కుంకుమ, పూలదండ వేసి పూజ చేస్తారు. విడిగా విగ్రహం ఉండదు, దీపమే లక్ష్మి. మన వైపు దీపం దేవుడి ముందు పెడతాం, ఇక్కడ ఆ వేళకి దీపమే దేవుడు. నాకు ఈ తేడా అర్థం కావడానికి పదేళ్ళు పట్టింది.

కుంభకోణం దగ్గర నాచియార్‌కోయిల్ వెళ్ళాను. వీధి వీధంతా ఈ పనే. ఇసుక పోతకి కావేరి ఒడ్డున దొరికే సన్నటి ఒండ్రు మట్టి వాడతారు, అది ఇంకెక్కడా దొరకదని వాళ్ళ గర్వం. అయిదడుగుల దీపం కూడా మరలతో విడొస్తుంది. ఒకాయన ఆకురాయితో హంస రెక్క మీద ఈకలు గీస్తున్నాడు. ఒక్క రెక్కకి నేను కాఫీ తాగి వచ్చినంత సేపు పట్టింది. నేను కొన్న దీపానికి తళతళలాడే పూత ఉండేది. మొదటి రోజు వెలిగించగానే గిన్నె అంచు నల్లగా మాడింది. కంగారుపడకండి, అది లక్కపూత. కొత్తది కొంటే వెలిగించే ముందు ఆ పూత తీయించుకోండి.

[ఈ పోస్టు తొలగించబడింది] | సోమవారం, మధ్యాహ్నం 12:00

నిర్వాహకుడు: "అసలైన చేతిపని దీపాలు, నేడే ఆఖరు" అంటూ ఫోన్ నంబర్ పెట్టారు. ఇది మూడోసారి. ఇక్కడ అమ్మకాలు కుదరవు.

కావమ్మ_మొగుడు | సోమవారం, మధ్యాహ్నం 12:09

తీసేసేలోపు చూశాను. ఆ ఫోటోలో 'చేతిపని' ఇత్తడి దీపానికి అయస్కాంతం పెడితే అతుక్కుంటుందని నా నమ్మకం. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. కొనేముందు ఫ్రిజ్ మీద బొమ్మ ఊడదీసి జేబులో వేసుకెళ్ళండి. పీట బోర్లించి కూడా చూడండి. మాకు ఒకసారి బరువుగా ఉందని కిలో లెక్కన డబ్బు కట్టించుకుని ఇస్తే, ఇంటికొచ్చాక పీట లోపల్నుంచి సిమెంటు రాలింది.

డాలస్_దోసె | సోమవారం, రాత్రి 11:38

మీరంతా కారడం గురించి బాధపడుతున్నారు, మాకు పొగ గురించి. అపార్ట్‌మెంట్ లీజులోనే నిప్పు పెట్టకూడదని ఉంది. దీపావళి నాడు అయిదు వత్తులూ వెలిగిస్తే హాల్లో అలారం కూసి, కింద ఫ్లోర్ వాళ్ళు పైకొచ్చారు. అప్పట్నుంచి మా దేవుడు వంటగదిలో పొయ్యి మీద ఫ్యాన్ కింద సెటిలయ్యాడు. నెయ్యికి పొగ తక్కువ, వత్తి పొట్టిగా ఉంటే ఇంకా తక్కువ. మామూలు రోజుల్లో బ్యాటరీ దీపం. అమ్మ వీడియో కాల్లో అది చూసి "దీపం పెట్టావా, టార్చి పెట్టావా" అంది.

ఒక పనికొచ్చే మాట. మర దగ్గర కారితే ప్లంబర్లు కుళాయిలకి చుట్టే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టి బిగించండి. వేడికి బాగానే ఆగుతుంది. నా కుందులు 23 కిలోల సూట్‌కేసులో ముక్కలు ముక్కలుగా విడిపోయి వచ్చాయి, ఇక్కడ టేపుతో మళ్ళీ ఒకటయ్యాయి. మూడేళ్ళయింది, చుక్క లేదు.

బామ్మ_గారు_ఆన్‌లైన్ | మంగళవారం, ఉదయం 5:52

కుళాయి టేపు దేవుడికా! సరే, మనవరాలికి చెప్పి తెప్పిస్తాను.

వంటింటి_కిటికీ | పదిహేను రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:15

అందరికీ ఆలస్యంగా జవాబు. కొట్టాయనకి ఇవ్వలేదు. రెండో శనివారం కలిసొస్తే తణుకు వెళ్ళి, అక్కణ్ణుంచి అజ్జరం వెళ్ళాం. గోదారి_గట్టు గారు విడిగా మెసేజ్‌లో చెప్పిన వీధిలోనే ఒక పెద్దాయన దొరికారు.

ఊళ్ళోకి వెళ్ళగానే చప్పుడు వినపడుతుందనుకున్నాను. వినపడింది గానీ రెండు మూడు ఇళ్ళ నుంచే. ఒకప్పుడు పెళ్ళంటే బిందెలు, గంగాళాలు, కుందులు బండి మీద వెళ్ళేవట. స్టీలు వచ్చాక జనం ఇత్తడి బిందె ఇచ్చి స్టీలు బిందె తీసుకెళ్ళారు. "ఆ బిందెలన్నీ కరిగించడానికి మా దగ్గరికే వచ్చాయమ్మా. మా నాన్న చేసినవి నేను కరిగించాను" అన్నారాయన. ఆ మాటన్నాక ఇంక దాని జోలికి పోలేదు, నేనూ అడగలేదు.

గిన్నె చేతిలోకి తీసుకుని, అడుగున ఉమ్మితో తడిచేసి, లోపలివైపు నోరు ఆనించి గట్టిగా ఊదారు. ఒకచోట చిన్న బుడగ లేచింది. మా ఆయన ఫోన్ లైటు పట్టుకుని గంట వెతికినా దొరకని బెజ్జం! గ్యాస్ వెల్డింగు పెట్టరా అని అడిగితే, నూనె పీల్చిన పాత లోహం, వేడి పెడితే గిన్నె వంగిపోతుందన్నారు. తగరంతో మాటు వేస్తే దీపం వేడికి ఎప్పుడో ఒకప్పుడు వదులుతుందట. బెజ్జం ఉన్నచోటే బర్మాతో కాస్త పెద్దది చేసి, రాగి తీగ ముక్కని మేకులా దూర్చి, లోపల దిమ్మ పెట్టి, బయట నుంచి చిన్న సుత్తితో కొట్టారు. ఠక్ ఠక్ అని ఒక నలభై దెబ్బలు, ఒక్కటీ గట్టిది కాదు. ఆకురాయి పట్టాక వేలు పెట్టి చూస్తే తెలియట్లేదు. ఇత్తడిలో చిన్న ఎర్ర చుక్క, అంతే. నూనె పోసి కాగితం మీద పెట్టి భోజనానికి వెళ్ళొచ్చాం. కాగితం పొడిగా ఉంది. 200 తీసుకున్నారు. హంస ముక్కు కూడా పెట్టమంటే, అరిగింది దణ్ణాలకే కదా, ఉండనీయండి అన్నారు.

అసలు విషయం ఇప్పుడు. ఆయన పీటలు రెండూ బోర్లించి చింతపండుతో రుద్దారు. లోపలి అంచున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. కారనిదాని మీద "కా. రా." అది అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరూ, పేరూ. కారేదాని మీద "కా. సూ." అది రాజమండ్రిలో ఉన్న మా చిన్నమ్మమ్మ! గోదారి_గట్టు గారూ, మీరన్నట్టే అది జత కాదు.

బామ్మ_గారు_ఆన్‌లైన్ | ఆదివారం, రాత్రి 8:50

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయమ్మా. అక్కాచెల్లెళ్ళు పెళ్ళిళ్ళై విడిపోతూ చెరొకటి మార్చుకుని ఉంటారు. ఇద్దరిళ్ళలోనూ ఇద్దరి దీపాలూ వెలగాలని. ఆ కాలంలో చాలామంది ఆడపిల్లలకి ఉత్తరం రాయడానికి కూడా వీలుండేది కాదు.

సిక్కోలు_చినబాబు | ఆదివారం, రాత్రి 9:04

బామ్మగారూ, రాత్రిపూట ఏడిపించకండి. ఇది విన్నాక మాయమ్మకి ఫోన్ చేయాలనిపిస్తంది.

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 9:30

చరఖు గీతలు అబద్ధం చెప్పవండీ. ఇద్దరమ్మాయిల పెళ్ళిళ్ళూ వేరువేరు ఏళ్ళలో అయి ఉంటాయి, ఏ పెళ్ళికి ఆ పెళ్ళికి కొత్త పోత. పెద్దాయన రాగి మేకు కొట్టారంటే పాత చేయి. చిన్నమ్మమ్మగారిని అడిగారా మరి?

వంటింటి_కిటికీ | సోమవారం, ఉదయం 10:45

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. చిన్నమ్మమ్మకి ఎనభై ఒకటి. బామ్మగారి మాట చెప్పి, మీరిద్దరూ ప్రేమతో మార్చుకున్నారా అని అడిగాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వు. "ప్రేమా దోమా! మీ పెద్దమావయ్య ఒడుగుకి నా కుందులు ఎరువడిగి తీసుకెళ్ళింది మీ అమ్మమ్మ. నూతి దగ్గర నాలుగూ కలిపి తోమించి, తిరిగిచ్చేటప్పుడు ఒకటి తారుమారు చేసింది. నా జతలో ఒకటి కారేది. ఇంటికొచ్చి వెలిగిస్తే రెండూ కారట్లేదు. అప్పుడే తెలిసింది నాకు. నోరు మూసుకుని ఊరుకున్నాను."

యాభై ఏళ్ళకి పైగా! అమ్మమ్మ ప్రతి రోజూ పళ్ళెం తుడుచుకుంటూ, ఇదెప్పుడు కారడం మొదలైందో అని తిట్టుకునే ఉంటుంది.

ఇప్పుడు చిన్నమ్మమ్మ ఏమంటోందంటే, "మాటు వేయించావుగా, ఇంక అది కారదుగా. నా పేరున్నది నాకు తెచ్చిచ్చి మీ అమ్మమ్మది పట్టుకుపో" అని. ఏం చేయమంటారు?

బామ్మ_గారు_ఆన్‌లైన్ | సోమవారం, ఉదయం 10:58

నిన్నటి కన్నీళ్ళు నాకు తిరిగివ్వండి.

కావమ్మ_మొగుడు | సోమవారం, ఉదయం 11:03

ఇచ్చేయండి, పేరు ఆవిడదే కదా. కానీ ముందు మాటుకైన 200, అజ్జరం దాకా ఆటో ఖర్చు, యాభై ఏళ్ళ నూనె డబ్బు వసూలు చేయండి.